తాడు పట్టిన చెయ్యి

మంచు కొండ మీద మా ఫౌజు పోస్టుకు చేరేసరికి పొద్దు తిరిగింది. హెలికాప్టర్ మమ్మల్ని కింద బేస్ కాడనే దించింది. అక్కడి నుంచి మంచు మీద నడక. ముందటోడు అడుగేసిన గుంతలనే మనం అడుగెయ్యాలె. జర పక్కకు జరిగితే కింద ఏముందో ఎవనికీ తెల్వదు. వీపు మీద మూట, భుజానికి రైఫిల్, చేతిల మంచు గొడ్డలి. గ్లౌజులు మూడు పొరలు. లోపల పల్చటిది, మధ్యల ఉన్నిది, పైన తోలుది. కొన్ని అడుగులేసి ఆగాలె. ఊపిరి అందది. మళ్ల కొన్ని అడుగులు.

మాది ఇబ్రహీంపట్నం. చెరువుల చేపలు పట్టుకోని బతికినోళ్లం. నాకు ఎండ తెలుసు. వడగాడ్పు తెలుసు. మంచును గప్పటిదాంక చేతితోని ముట్టింది లేదు.

పోస్టంటే మీరు పెద్ద కోట అనుకోకుండ్రి. తెల్లటి ఫైబర్ గుడిసెలు రెండు, చుట్టూ మంచు గోడ, మధ్యల కిరోసిన్ పొయ్యి. ఆ పొయ్యి పొగకు అందరి ముక్కులు నల్లగుంటుండె. దగ్గితే నల్లగనే పడుతుండె. పోస్ట్ కమాండర్ ఒక సుబేదార్ సాబ్. నన్ను నిలబెట్టి మొదలు నా చేతులు చూసిండు.

"ఏం డ్యూటీ నీది?"

"రేడియో సెట్ సాబ్."

"ఇక్కడ దుష్మన్ ఎదురుంగ ఉండడు. కాళ్ల కింద ఉంటడు. ఇనుమును ఉత్త చేతితోని ముట్టద్దు. గ్లౌజు తీసి ముచ్చట్లు పెట్టద్దు. వేళ్లు పోయినోళ్లను మస్తు మందిని చూసిన నేను. సమజైందా?"

"అయింది సాబ్."

మా మాటలన్నీ హిందీలనే. మీకు మన మాటల చెప్తున్న.

ఫౌజుల ఇద్దరిద్దరికి జోడి కడ్తరు. బడ్డీ అంటరు. ఒకడు పంటే ఒకడు లేచుండాలె. పొద్దుగాల లేవంగనే ఒకని కాలివేళ్లు ఒకడు చూడాలె, తెల్లబడ్డయా, మొద్దుబారినయా అని. నా బడ్డీ కొండల దిక్కు పిలగాడు, నాకంటే చిన్నోడు. మంచుల పుట్టి మంచుల పెరిగినోడు. నాకు బూట్లు ఎట్ల కట్టాలె, తాడు ఎట్ల ముడెయ్యాలె వాడే నేర్పిండు. నన్ను అన్నా అని పిలవడం నా కాడనే నేర్చుకున్నడు.

"అన్నా, మీ ఊర్ల మంచు పడదా?"

"పడదు. ఎండ పడ్తది. మే నెలల రా, బండి సీటు మీద కూసుంటే తెలుస్తది."

"వస్త. మా బాబూజీని గూడ తోల్కొస్త. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఎండ మంచిది."

గిట్ల మాట్లాడుకుంటుంటిమి. ఇంతకంటే పెద్ద ముచ్చట్లు ఏం లెవ్వు.

పొద్దుగాల ఎండ ముదరకముందే దారి చూసి రావాలె. ఎండకు మంచు మెత్తబడితే నడవరాదు. ఆ రోజు ముగ్గురం పోయినం. ముందు హవల్దార్, మధ్యల నా బడ్డీ, ఎనుక నేను. ముగ్గురికి ఒకటే తాడు. మబ్బు కిందికి దిగి ఉన్నది. గాలి మొదలైంది. హవల్దార్ ఒక చోట గొడ్డలితోని పొడిచి చూసి దాటిండు. నా బడ్డీ అదే అడుగుల అడుగేసిండు.

చప్పుడు రాలే. మనిషి ఉన్న కాడ లేడు. గంతే.

తాడు గుంజుకపోయింది. నేను బోర్లపడ్డ. తాడు నా నడుముకు కట్టే ఉంది, కాని నా కుడి చెయ్యి దానంతట అదే తాడును చుట్టుకుంది. పై గ్లౌజు ఊడి ఎగిరిపోయింది. ఎడమ చేతితోని గొడ్డలిని మంచుల దింపిన. మంచుల నోరు తెరిచిన పగులు అంచుకు రెండు మూరల దూరంల ఆగిన. అవతలి దిక్కు హవల్దార్ గూడ పడుకోని తన గొడ్డలి దింపిండు. మధ్యల, కింద, వాడు వేలాడుతున్నడు. అవతలి అంచు ఇరుగుతున్నది. హవల్దార్ కదిలితే మొత్తం కూలుతది. నేను కదిలితే నేను గూడ పోతా.

హవల్దార్ కాడ చేతి సెట్ ఉన్నది. ఆయన మాటలు గాలిల నాకు వినవడ్డయ్.

"బేస్, బేస్. ఒక జవాన్ పగుల్ల పడ్డడు. తాడు మీద ఉన్నడు. ఓవర్."

"మాట్లాడుతున్నడా? ఓవర్."

"మాట్లాడుతున్నడు. ఓవర్."

"హెలికాప్టర్ లేవదు. మబ్బుంది. పోస్టు నుంచి మనుషులు బయలెల్లిన్రు. పట్టుకోని ఉండుండ్రి. ఓవర్."

నా వేళ్ల మీద తాడు రెండు చుట్లు. వాని బరువంతా దాని మీద. మొదలు మంట. తర్వాత ఎముక ఇరిగిన చప్పుడు నాకే వినవడ్డది, ఎండు పుల్ల ఇరిగినట్టు. తర్వాత నొప్పి పోయింది. నొప్పి పోవుడే భయం. మొద్దుబారినంకనే వేళ్లు పోతయ్.

కింద నుంచి వాడు మాట్లాడుతున్నడు. తలకు దెబ్బ తగిలిందన్నడు. కాళ్లు ఆనుతలేవన్నడు. "అన్నా, పట్టుకో" అన్నడు. "పట్టుకున్న" అన్న. జరసేపైనంక మళ్ల అడిగిండు, మళ్ల గదే చెప్పిన. ఇంకా కొంచెం సేపటికి వాని గొంతు మారింది. నిద్రమబ్బుల మాట్లాడినట్టు.

"అన్నా, వదిలెయ్. నువ్వు గూడ వస్తున్నవ్."

"నోరు ముయ్యి" అన్న.

వాని గొంతు మళ్ల వినవడలే.

మనుషులు వచ్చి, ఇనుప మేకులు కొట్టి, కప్పీ కట్టి వాన్ని పైకి తీసేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే పానం పోయింది. నా చేతిల నుంచి తాడు తియ్యనీకి రాలే. వేళ్లు దాని చుట్టూ గడ్డకట్టినయ్. నర్సింగ్ అసిస్టెంట్ నా చెయ్యిని తన చంకల పెట్టుకోని, తాడును రెండు దిక్కుల కోసిండు. లోపలి ముక్క నా పిడికిట్లనే ఉండంగ స్ట్రెచర్ మీద పండవెట్టిన్రు.

మొదటి దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. మధ్య వేలు, ఉంగరం వేలు ఇరిగినయ్, వాటిల తీగలు వేసిన్రు. చిటికెన వేలు కొస నల్లబడ్డది, తీసేసిన్రు. ఆ తర్వాత ఇంటికి దగ్గరుంటదని పట్నంల, సికింద్రాబాద్‌ల ఉన్న మిలిటరీ దవాఖానకు పంపిన్రు. అక్కడ తీగలు గుంజి, కట్టు ఇప్పిన నాడు నా చెయ్యిని నేను మొదటిసారి సక్కగ చూసిన. వేళ్లు సగం వంగి ఆగిపోయినయ్. ఇగ ముయ్యవు, తెరవవు. తాడు లేదు, కాని చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది.

సర్జన్ సాబ్ నన్ను కింది అంతస్తుల ఒక గదికి పంపిండు. పొడుగు బల్ల, బల్ల మీద వేడినీళ్ల తొట్టి, కత్తెర్లు, తెల్లటి ప్లాస్టిక్ పలకలు, డబ్బాల నిండ రబ్బరు బ్యాండ్లు. చేతులు బాగుచేసే థెరపిస్ట్ మేడమ్ ఉంటది అక్కడ. కోస్తా దిక్కామె. కండ్లద్దాలు, చిన్న మనిషి. నా వేళ్లను ఒక్కొక్కటే పట్టి, చిన్న ఇనుప కొలబద్ద పెట్టి, ఎంత వంగుతుంది, ఎంత తెరుచుకుంటుంది చూసింది.

"ఎముక అతుక్కుంది. ఎముకతో పేచీ లేదు. జాయింటు చుట్టూ ఉన్న తిత్తి పొట్టిగా అయిపోయింది. వాపులో కదలకుండా ఉండిపోయింది కదా. దాన్ని సాగదీయాలి."

"ఇప్పుడే గుంజుండ్రి మేడమ్. నేను ఓర్సుకుంట."

"గుంజితే సాగదు. గుంజితే వాస్తుంది. వాస్తే ఇంకా బిగుసుకుంటుంది. తక్కువ బలం, ఎక్కువసేపు. అంతే మన మందు."

కాయిదం మీద నా చెయ్యి పెట్టి గీత గీసింది. ఆ కొలతకు ప్లాస్టిక్ పలక కత్తిరించి వేడినీళ్లల్ల వేసింది. అది చూస్తుండంగనే తడిపిన చపాతి పిండి లెక్క మెత్తబడ్డది. తుడిచి, నా అరచేతి మీద పరిచి, తన రెండు చేతులతోని ఒత్తిపట్టుకుంది. సల్లారేదాంక వదల్లే. సల్లారినంక అది నా చెయ్యి ఆకారంల గట్టిపడ్డది. దాన్ని స్ప్లింట్ అంటరు. రాత్రిపూట వేళ్లను ఎంత తెరుచుకుంటే అంత తెరిపించి పట్టుకోనీకి అదొకటి. పగటి పూట ముయ్యనీకి ఇంకొకటి: మణికట్టుకు పట్టీ, వేళ్లకు తోలు ఉంగరాలు, వాటి మధ్యల రబ్బరు బ్యాండ్లు. బ్యాండ్లు వేళ్లను మెల్లగ అరచేతి దిక్కు గుంజుతయ్. ఉంగరం వేలు మస్తు మొండిది. దానికి పల్చటి పిండికట్టు వేసి, కొన్ని రోజులకోసారి ఇప్పి, జరంత సాపు చేసి మళ్ల వేసేది.

"బ్యాండు ఎంత గట్టిగ పెట్టాలె మేడమ్?"

"సాగుతున్నట్టు తెలియాలి. నొప్పి పుట్టకూడదు. తీశాక చర్మం మీద ఎర్రమచ్చ కాసేపట్లో పోవాలి. పోకపోతే నాకు చెప్పండి. వేలు తెల్లబడినా, నీలంగా మారినా వెంటనే తీసేయండి."

నాకు ఎదురుంగ ట్యాంకు డ్రైవర్ ఒకాయన కూసుంటుండె. రెండు చేతులు కాలినయ్. చర్మం ముడుచుకపోయి వేళ్లు ఎనుకకు ఒంగినయ్. ఆయన స్ప్లింట్లు నా వాటికంటే పెద్దగుంటుండె. ఒకనాడు నన్నడిగిండు.

"తమ్మీ, నీకు మొదలు ఏం పట్టుకోవాలనుంది?"

"ఏం లేదన్న. పట్టింది వదిలితే సాలు."

ఆయన నవ్విండు. తనకు తన అంగి గుండీలు తనే పెట్టుకోవాలని ఉందట. పెండ్లాం పెడుతుంటే ఆమె మొహం చూడలేకపోతున్నడట. కొన్నాళ్లకు ఆయనకు ఇంకో ఆపరేషన్ అన్నరు. తర్వాత ఆ కుర్చీల వేరేటోళ్లు కూసున్నరు. ఏమైందని మేడమ్‌ను అడిగిన. "ఆపరేషన్ అయ్యాక ఎడమ చేతికి వచ్చిన కదలిక నిలవలేదు" అన్నది. మళ్ల నా వేలు పట్టుకోని కొలత చూసింది.

సిక్ లీవ్ మీద ఇబ్రహీంపట్నం వచ్చిన. వారం వారం బస్సుల పట్నం పోయి మేడమ్‌కు చూపెట్టాలె. ఇంట్ల బాపు, అమ్మ, నా భార్య సుజాత. బాపు వల అల్లేటోడు. నేను పోయి ఎదురుంగ కూసుంటే ఆయన దారం కండెను పక్కకు పెట్టేది, నా ముందట అల్లకపోతుండె.

చూడనీకొచ్చినోళ్లు చెయ్యినే చూసేది. ప్లాస్టిక్, పట్టీలు, రబ్బర్లు చూసి "ఇదేం వైద్యం" అనేది. ఒక ఆదివారం మంచాల ఊరి నుంచి మా పెద్దబాపు వచ్చిండు. బర్ల కాళ్లు ఇరిగితే కట్టేటోడు. మంచి మనిషి, నేనంటే పానం.

"ఫౌజు దవాఖానల రబ్బరు బ్యాండు పెట్టిన్రా నీకు? ఇటు తే."

స్ప్లింట్ ఇప్పి, ఆముదం రాసి, ఉంగరం వేలును పట్టి ఒక్క ఒంపు ఒంచిండు. టక్కున చప్పుడైంది. నాకు కండ్లు చీకట్లు కమ్మినయ్. సుజాత వంటింట్ల నుంచి ఉరికొచ్చింది.

"మామా, వదులు! ఏం చేస్తున్నవ్ నువ్వు!"

"ఇడిసింది బిడ్డా. ఇగ చూడు, అదే వస్తది."

"ఎక్కడ వస్తది? గట్ల చెయ్యద్దని మేడమ్ చెప్పింది గదా! మీదికెంచి మీరందరు సలహాలు చెప్పుడే. రాత్రంతా పక్కన కూసునేది నేను."

పెద్దబాపు మొహం చిన్నబోయింది. తెల్లారేసరికి వేలు వంకాయ లెక్క ఉబ్బింది. మేడమ్ చూసి ఎవల మీద కోపం చెయ్యలే. కొలబద్ద పెట్టి చూసి, కింద పెట్టింది. వాపు దిగేదాంక బ్యాండు కట్టద్దన్నది. ఎన్నో వారాల నుంచి వచ్చింది ఒక్క ఒంపుల ఎనుకకు పోయింది.

ఇంకోసారి సుజాతనే స్ప్లింట్ వాసనొస్తుందని, మంచిగ కడుగుదామని మసిలే నీళ్లల్ల వేసింది. తీసేసరికి అది ముద్దైపోయింది, దోసె పెనానికి అతుక్కున్నట్టు. దాన్ని చేతుల పట్టుకోని ఏడ్చింది. నేను ఏడ్వలే. చానా రోజుల తర్వాత నవ్వొచ్చింది నాకు. మేడమ్ మళ్ల కొత్తది చేసింది, చల్లటి నీళ్లు, సబ్బు మాత్రమే అని సుజాతకు ఫోన్ల చెప్పింది. ఎండల బండి మీద గూడ పెట్టద్దన్నది. మన ఎండకు గూడ అది ఒంగుతదట.

రాత్రిళ్లు స్ప్లింట్ పట్టీలు బిగించేది సుజాతనే. నేను ఒంటి చేతితోని కట్టుకుంటే వంకర పోతుండె. చూపుడు వేలు మొదలు దారికొచ్చింది. తర్వాత మధ్య వేలు. ఉంగరం వేలు సగం కాడ ఆగింది. మేడమ్ ఇంకా కొన్ని నెలలు చూసింది. ఒకనాడు కొలబద్ద పక్కకు పెట్టి నా ఎదురుంగ కూసున్నది.

"ఇది ఇంతవరకే అనుకుంటున్నాను. ఇంకో ఆపరేషన్ చేయొచ్చు. చేస్తే ఇప్పుడు వచ్చింది కూడా పోవచ్చు. ట్యాంకు డ్రైవర్ గారికి అదే అయింది. మీకు అబద్ధం చెప్పను."

"వద్దు మేడమ్. వచ్చింది సాలు."

"రాత్రి స్ప్లింట్ మాత్రం ఆపకండి. ఆపితే మెల్లగా మళ్లీ ముడుచుకుంటుంది."

మెడికల్ బోర్డు నా కేటగిరీ తగ్గించింది. పైకి పంపరు. రైఫిల్ ఇయ్యరు. కొన్నాళ్లు పట్నంలనే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కూసోవెట్టిన్రు. సర్వీసు అయిపోంగనే పింఛను మీద ఇంటికొచ్చిన. ట్రంకు పెట్టె ఆటోల పెట్టుకోని బస్టాండ్ నుంచి మా వాడకు వస్తుంటే ఎవరో "సెలవు మీద వచ్చినవా" అన్నరు. "లేదు, ఇగ వచ్చేసిన" అన్న. ఇప్పుడు బాపుతోని తెప్ప మీద చెరువులకు పోత. తెడ్డు వేస్త. వల గుంజుడు బాపుదే.

నేను వచ్చిన ఎండాకాలమే నా బడ్డీ తండ్రి వచ్చిండు. ముందు ఫోన్ చేసిండు. సికింద్రాబాద్‌ల రైలు దిగి, తొవ్వ అడుగుకుంట సాగర్ రోడ్డు బస్సు పట్టుకోని ఇబ్రహీంపట్నం బస్టాండ్‌ల దిగిండు. నేను పోయి తోల్కొచ్చిన. ముసలాయన, సన్నగ పొడుగ్గ ఉన్నడు, నెత్తికి ఉన్ని టోపీ. గంత ఎండల గూడ తియ్యలే. సంచి నిండ వాళ్ల చెట్టు అక్రోటు కాయలు తెచ్చిండు. అమ్మ ఆయనకు జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. అమ్మకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుంట తలలు ఊపిన్రు.

తిన్నంక అరుగు మీద కూసున్నం. ఆయన నా చెయ్యి దిక్కు చూసిండు. మధ్యాహ్నం కాసేపు స్ప్లింట్ పెట్టుకునే టైము గది. పెట్టుకోనే ఉన్న.

"ఇది తియ్యొచ్చా బేటా?"

తీసిన. ఆయన నా చెయ్యిని తన తొడ మీద పెట్టుకోని, ఒక్కొక్క వేలును చూసిండు. గుంజలే, ఒంచలే. కొస లేని చిటికెన వేలు మీద తన బొటనవేలు పెట్టి జరసేపు ఉంచిండు.

"ఇదేనా?"

"ఇదే బాబూజీ."

"రాత్రి గూడ పెట్టుకుంటవా ఈ ప్లాస్టిక్‌ది?"

"పెట్టుకోకుంటే మళ్ల ముడుచుకుంటయ్."

స్ప్లింట్‌ను చేతుల పట్టుకోని అటూ ఇటూ తిప్పి చూసిండు. తర్వాత అడిగిండు. నాకు తెలుసు అడుగుతడని. ఆయన ఇంత దూరం వచ్చింది దానికే.

"కింద నుంచి మాట్లాడిండట గదా. ఏమన్నడు?"

మొదలు పట్టుకొమ్మన్నడని చెప్పిన. ఆ తర్వాతది చెప్పాల్నా వద్దా అని ఆగిన. ఆయన నా మొహమే చూస్తున్నడు. చెప్పిన.

"వదిలెయ్‌మన్నడు బాబూజీ. నేను గూడ పడ్తనని."

ఆయన టోపీ తీసి ఒళ్ల పెట్టుకున్నడు. తెల్లటి ఎంటికలు చెమటకు అతుక్కోని ఉన్నయ్.

"అంటడు" అన్నడు. "వాడు గట్లనే అంటడు. చిన్నప్పటి సంది గంతే." నా చెయ్యిని మళ్ల తన చేతిలకు తీసుకున్నడు. "నువ్వు వదల్లేదు."

"వదల్లే. కాని పనికి రాలే బాబూజీ."

"మా ఇంటికి వాడు మొత్తంగ వచ్చిండు బేటా. వాళ్లమ్మ వాని మొహం చూసింది. మా పక్కూరోళ్ల పిలగాడు గూడ గిట్లనే పడ్డడు. ఇంతవరకు దొరకలే. వాళ్లమ్మ ఇప్పటికి ఎవరు తలుపు కొట్టినా ఉరుకుతది." టోపీ మళ్ల పెట్టుకున్నడు. "పనికొచ్చింది."

ఒక్క పూట ఉండుమని అందరం బతిమాలినం. ఉండలే. ఇంటికాడ ఆమె ఒక్కతే ఉందన్నడు. బస్టాండ్‌కు తోల్కపోయిన. పట్నం బస్సు నిండుగ ఉంది, యాచారం దిక్కు నుంచే నిండి వచ్చింది. కిటికీ కాడ ఒక సీటు దొరికింది ఆయనకు. కిటికీల నుంచి చెయ్యి బయటికి పెట్టిండు. నేను నా కుడి చెయ్యి ఇచ్చిన. ఆయన గట్టిగ పట్టుకున్నడు. కండక్టర్ విజిల్ ఊదిండు. బస్సు కదిలింది.

ఆయన పట్టు వదిలిండు. నాది వదల్లే. ఉంగరం వేలు ఆయన వేళ్లల్ల చిక్కుకుంది. తీద్దామంటే అది తెరుచుకుంటలేదు. బస్సు పక్కన నడిచిన, జర ఉరికిన. ఆయన రెండో చెయ్యి గూడ బయటికి పెట్టి, కిందికి వంగి, నా వేలును మెల్లగ, నొప్పి పుట్టకుండ ఊడదీసిండు.

బస్సు పోయింది. నేను చెయ్యి అట్లనే పైకి పెట్టుకోని నిలవడ్డ. ఆ ముసలాయన కిటికీల నుంచి వంగి నా వేలు తీస్తున్నది, తీసేటప్పుడు ఆయన పెదవులు బిగవట్టి దాని మీదనే చూపు పెట్టినది, నాకు రోజు కనవడ్తది.